బోర్డు మీద పేర్లు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? నీ ఉత్తరం అందింది. క్లాసులో టీచరిచ్చే స్టార్ రాలేదని మీ చిన్నది అన్నం మానేసిందా! దానికి నీ పౌరుషమే వచ్చినట్టుంది. మిషన్ బళ్ళలో పిల్లల్ని ఎలా దారిలో పెడతారని అడిగావు కదా, చెప్తా విను.

మాది ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్ మిషన్ వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు. పొద్దున్నే ప్రార్థన, గోడ మీద మరియమాత పటం, ఆఫీసులో సిస్టర్. పిల్లల్లో మాత్రం సగానికి పైగా హిందువులే. ఎయిడెడ్ బడి కాబట్టి మధ్యాహ్న భోజనం ఇక్కడే. అల్లరంటావా, ఏ బడికీ తీసిపోరు.

మన చిన్నప్పుడు సారు బయటికెళ్తే లీడరు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడు గుర్తుందా? ఇక్కడా అదే ఆచారం. కొత్తగా వచ్చిన సిస్టర్ దాన్ని తిరగేసి, మంచి పని చేసినవాళ్ళ పేర్లు రాయమంది. వారం తిరక్కుండానే లీడరు జేబులో చాక్లెట్లు, చింతకాయలు! ఒకడైతే తీసివ్వడం కోసం పక్కవాడి పెన్సిలు తనే కింద పడేశాడు. నవ్వలేక చచ్చాం.

దాంతో అదీ మానేశారు. ఇప్పుడు చివరి పీరియడ్‌లో అందరినీ వరండాలో కూర్చోబెడతాం. ఇవాళ తనకెవరు సాయం చేశారో చెప్పాలి. తన గొప్ప తను చెప్పుకోకూడదు. స్టార్లూ మార్కులూ లేవు. ఐదో తరగతిలో ఒకడున్నాడు, చెయ్యి దురుసు. వాడి మీద ఫిర్యాదు రాని రోజుండదు. మొన్న ఒకటో తరగతి పిల్ల లేచి, "అన్న నాకు గుడ్డు ఒలిచిపెట్టాడు" అంది. వాడు దొంగతనం బయటపడ్డట్టు తల దించేసుకున్నాడు. మర్నాడు భోజనాల దగ్గర కావాలని నిలబడి చూశాను. గుడ్డుని పళ్ళెం అంచుకి కొట్టి, అరచేతుల మధ్య దొర్లించి, పెంకు చకచకా లాగేస్తున్నాడు. చుట్టూ చిన్నాళ్ళు పళ్ళేలు పట్టుకుని క్యూ. కొట్లాటలు మానేశాడని చెప్పను గానీ, ఆ కాసేపు మాత్రం వాడికి తీరిక లేదు.

సిస్టర్ ఏం మాట్లాడినా డాన్ బోస్కో పేరెత్తుతుంది. ఇటలీలో ట్యూరిన్ ఊళ్ళో దిక్కులేని కుర్రాళ్ళని చేరదీసిన ఫాదర్ ఆయన. తొమ్మిదేళ్ళప్పుడు ఆయనకో కల వచ్చిందట. బూతులాడే పిల్లల మీదికి పిడికిళ్ళతో దూకితే, దెబ్బలతో కాదు, మంచితనంతో గెలుచుకోమని ఎవరో చెప్పారట. కల సంగతి అలా ఉంచు, 1877లో రాసిన చిన్న పుస్తకంలో పనికొచ్చే మాటలున్నాయి. తప్పు జరిగాక శిక్షించే బదులు, జరక్కముందే పెద్దవాళ్ళు పిల్లల మధ్య ఉండాలంటాడు. మందలించాల్సి వస్తే పదిమందిలో వద్దంటాడు. అందుకే ఇంటర్వెల్‌లో మేం టీ గ్లాసులతో గ్రౌండ్‌లోకి వచ్చేస్తున్నాం. కొళాయి దగ్గర తోపులాట బాగా తగ్గింది.

ఇంతా చేస్తే తల్లిదండ్రులకి ఇది నచ్చదు. "కళ్ళు రెండూ ఉంచి తోలు తీసెయ్యండి సార్" అంటారు! వాళ్ళని దారిలో పెట్టడం పిల్లలకన్నా కష్టం.

నువ్వు మాత్రం ఆ టీచరుతో గొడవేసుకోకు. రాత్రి అన్నాల దగ్గర స్టార్ వచ్చిందా అని అడగడం మానేసి, ఇవాళ నీకెవరు సాయం చేశారే అని అడిగి చూడు.

జనవరి 31న డాన్ బోస్కో పండగ. పిల్లలకి ఆటలు పెడుతున్నాం. కబడ్డీకి రిఫరీ దొరకలేదు. సెలవు పెట్టి రారా, విజిల్ నేనిస్తా.

నీ
రాజు