మూడు రాత్రులు మేలుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా సంఘంలో ఒక పెద్దాయనకు బైపాస్ ఆపరేషన్ జరిగినప్పుడు మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా చేసే గొలుసు ప్రార్థన తెగకుండా పట్టుకున్న మీ అందరికీ స్త్రీల సమాజం తరఫున, ఆయన ఇంటివాళ్ల తరఫున కృతజ్ఞతలు. ఆయన ఇంటికొచ్చేశారు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే అని లూకా 17లో చదువుకుంటాం. దేవునికి చెల్లించాల్సిన స్తుతి ఆదివారం ఆరాధనలో చెల్లించాం. మీకు చెప్పాల్సింది మిగిలిపోయింది.

ముందుగా రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు వరుసలు తీసుకున్నవాళ్లకు. మనిషికి అరగంట చొప్పున రోజుకు 48 వరుసలు. పగటివి పట్టిక పెట్టిన కాసేపటికే నిండిపోతాయి. గొలుసు తెగేది ఎప్పుడూ అర్ధరాత్రి దాటాక వచ్చే ఆ ఎనిమిది వరుసల్లోనే. పడుకున్న మంచం మీదే కళ్లు మూసుకుని మొదలుపెడితే ఐదు నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది. భక్తి తక్కువై కాదు, ఒళ్లు అలిసిపోయి. అందుకే ఆ ఎనిమిదింటికీ ఇద్దరిద్దరిని వేశాం. మొహం కడుక్కుని, లైటు వేసి, కుర్చీలో కూర్చుని, ముందు ఒక కీర్తన పైకి చదవమన్నాం. చాలామంది 121వ కీర్తన ఎంచుకున్నారు. "నిన్ను కాపాడువాడు కునుకడు" అని రాత్రి రెండింటికి పైకి చదువుతుంటే చదివేవాళ్ల కునుకు కూడా ఎగిరిపోతుంది. అరగంట అయినా సరే, తర్వాతివాళ్ల దగ్గర్నుంచి మిస్డ్ కాల్ వచ్చేదాకా ఆపకూడదన్నది ఒక్కటే నియమం. మూడు రాత్రుల్లో ఒక్కరూ దాన్ని తప్పలేదు.

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లారా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ రాత్రి రెండైతే మీకు పదకొండున్నర. వంటిల్లు సర్దుకుని అప్పుడే నడుం వాల్చాల్సిన అరగంటను తీసి మాకిచ్చారు. అదే సమయం డాలస్ వాళ్లకు మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసు మధ్యలో బయటికొచ్చి కారులో కూర్చుని ప్రార్థించారు. దేశం బయట ఉన్నవాళ్లను కలుపుకుని గొలుసు పెట్టాలనుకునే సంఘాలకు ఒక మాట: పట్టికలో భారత కాలమానమే రాయండి. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు, మార్చిలో మళ్లీ ముందుకు. అక్కడి టైము రాసుకుంటే ఎక్కడో ఒక వరుస ఖాళీ పడుతుంది.

రోజూ ఉదయం ఏడింటికి విన్నపాల చీటీ రాసి పంపిన అమ్మాయికి మేమంతా రుణపడ్డాం. చీటీలో మూడే విన్నపాలు, అవి కూడా డాక్టరుగారు చెప్పినవే, ఎవరి ఊహలూ లేవు. "ప్రభువా, స్వస్థపరచు" అన్న ఒక్క మాటతో అరగంట ప్రార్థించడం కష్టం. ఐదు నిమిషాలకు మాటలు అయిపోయి, చెప్పిందే చెబుతూ ఉంటాం. మత్తయి 6లో ప్రభువు వద్దన్న వ్యర్థమైన మాటలు అక్కడే మొదలవుతాయి. ఏం అడగాలో తెలిస్తే మనసు దానిమీద నిలుస్తుంది. మొదటిరోజు చీటీ: "గొట్టం తీశాక సొంతంగా ఊపిరి ఆడాలి." రెండోరోజు: "కాల్లోంచి రక్తనాళం తీసినచోట వాపు తగ్గాలి." మూడోరోజుది ఎవరం మర్చిపోలేం. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా మూడు బంతులున్న చిన్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. రొమ్ము ఎముక కోసి తీగతో కుట్టించుకున్న మనిషికి గట్టిగా గాలి పీల్చడమంటే ప్రాణం పోయినంత పని. "నిన్న ఒక బంతి లేచింది, ఈరోజు రెండోది లేవాలి" అని చీటీ వచ్చింది. ఆ రోజంతా ఎక్కడెక్కడి వాళ్లో ఆ రెండో బంతి కోసం దేవుణ్ణి అడిగారు. సాయంత్రానికి అది లేచింది.

ఆ చీటీని ఇంకో గ్రూపుకు పంపకుండా మీ దగ్గరే ఉంచుకున్నందుకు కూడా కృతజ్ఞతలు. ఆస్పత్రి బిల్లు, ఇంటి గొడవలు ప్రార్థన విన్నపం పేరుతో ఊరంతా తిరగడం చాలాచోట్ల జరుగుతుంది. అలా ఒక్కసారి జరిగితే ఆ ఇంటివాళ్లు మళ్లీ ఎవరినీ ప్రార్థన అడగరు.

శుక్రవారం ఉపవాసమున్నవాళ్లకు వందనాలు. వద్దన్నప్పుడు నొచ్చుకోకుండా మానుకున్న షుగర్ పేషెంట్లకు ఇంకా ఎక్కువ. మందు వేసుకుని తినకపోతే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. వాళ్లు తిండికి బదులు టీవీ, ఫోను మానుకున్నారు. రక్తం ఇవ్వడానికి వెళ్లే నలుగురు కుర్రాళ్ల పేర్లూ ఉపవాసం పట్టికలోంచి కొట్టేశాం, ఖాళీ కడుపుతో రక్తమిస్తే పడిపోతారు కాబట్టి. వాళ్లు కడుపునిండా ఇడ్లీ తిని, నీళ్లు తాగి వెళ్లి ఇచ్చొచ్చారు. విన్నపాలు రాసుకునే మా పుస్తకంలో వాళ్ల పేర్లు కూడా ప్రార్థించినవాళ్ల వరుసలోనే ఉన్నాయి.

పాస్టరుగారు ఐసీయూలోకి ఒక్కరే, చేతులు శుభ్రం చేసుకుని వెళ్లి, మంచం కడ్డీ పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా ప్రభువు ప్రార్థన చెప్పి రెండు నిమిషాల్లో బయటికొచ్చేవారు. యాకోబు 5లో చెప్పినట్టు నూనె రాసి ప్రార్థించడం వార్డుకు మార్చాకే, అదీ నర్సుగారిని అడిగి, నుదుట మాత్రమే. "విశ్వాసం ఉంటే ఇన్ని మందులెందుకు" అని మీలో ఒక్కరు కూడా అనలేదు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న భార్యకు ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో తెలిసినవాళ్లం కనుక చెబుతున్నాం, అది చాలా పెద్ద సాయం.

ఇంత గొలుసు నిలబడిందంటే ఇళ్లలో రోజూ జరిగే కుటుంబ ప్రార్థన వల్లే. రాత్రి భోజనానికి ముందు పావుగంట చాలు: ఒక పాట, కొన్ని వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం, చివర అందరూ కలిసి "పరలోకమందున్న మా తండ్రీ". తిన్నాక పెట్టుకుంటే పిల్లలు తూలుతారు. తండ్రి ఒక్కడే ఇరవై నిమిషాలు ప్రార్థిస్తే మిగతావాళ్లకు వినడమే అలవాటవుతుంది. ఇంట్లో ఒక్క వాక్యంతో నోరు తిరిగిన ఏడో తరగతి పిల్ల ఒకతి, అడిగి మరీ తెల్లవారుజాము ఐదున్నర వరుస తీసుకుంది.

మా పుస్తకంలో మూడు గడులుంటాయి: అడిగిన తేదీ, విన్నపం, జవాబు వచ్చిన తేదీ. మూడోది ఖాళీగా ఉన్న పేజీలు చాలా ఉన్నాయి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీలు జ్యూవెట్ దొర దంపతులు, వాళ్లతో జూలియా మొదలైన తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. అలా అడిగిన సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. ఇప్పుడు దాన్ని ప్రార్థన కొండ అంటున్నాం గానీ, ఆ పన్నెండేళ్లూ వాళ్లకది ఖాళీ గడే.

ఆస్పత్రిలో మా పెద్దాయన పక్క మంచంలో ఉన్న ఇంకొకాయన కోసం కూడా రెండోరోజు నుంచి అడిగాం. ఆయన చనిపోయారు. ఆ తేదీ కూడా రాసి ఉంచాం. ఈ వారం రాత్రి రెండింటి వరుస ఆ ఇంటివాళ్ల కోసం. ఇద్దరు కావాలి, పట్టికలో పేరు రాయండి.

కృతజ్ఞత కూడిక శనివారం సాయంత్రం ఆరింటికి పెద్దాయన ఇంట్లోనే. దువా చేసిన పక్కింటి పెద్దమ్మ కూడా వస్తానన్నారు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు మాత్రం ఇంటి నుంచే ప్రార్థించండి. ఏడింటికల్లా ముగించేస్తాం, ఆయన అంతకన్నా ఎక్కువసేపు కూర్చోలేరు.