నీతి వాక్యం లేకపోతే పిల్లల కథ కాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. బాలల దినోత్సవం కూడా అప్పుడే కాబట్టి పిల్లలకు కథల పోటీలు పెడతారు. ఆ పోటీల నిబంధనలు రాసేవాళ్ళకూ, మీ ఆదివారం పిల్లల పేజీ చూసేవాళ్ళకూ ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం.

నేను బద్వేలు దగ్గర ప్రభుత్వ బడిలో ఐదో తరగతికి చెబుతాను. నిరుడు మా పిల్లోడొకడు కథ రాశాడు. అందులో ఒక పిల్లోడు, చీకటి పడ్డాక మందలో మేకపిల్ల ఒకటి తగ్గిందని తెలిసి, వాళ్ళ అబ్బకు చెప్పకుండా టార్చిలైటు తీసుకుని వంక దాకా పోతాడు. సగం దారిలో లైటు ఆరిపోతుంది. పొదలో ఏదో కదులుతుంది. భయంతో కేక పెడితే, ఆ పొదలోంచే మేకపిల్ల అరుస్తుంది. దాన్ని భుజాన వేసుకొచ్చి దాని పక్కనే పడుకుంటాడు. అంతే కథ. నేను చదువుతుంటే తరగతిలో ఒక్కరూ కదల్లేదు. లైటు ఆరిపోయిన చోట ఒకమ్మాయి పక్కనున్న పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దాన్ని ఒక పోటీకి పంపాం. నీతి లేదు, భాష గ్రామ్యంగా ఉంది అని పక్కన పెట్టేశారు. బహుమతి వచ్చిన కథలో సింహం, నక్క, చివర్లో ఒక ముని. అదీ చదివి వినిపించాను. "సింహం యాడుంది మేడం? మన లంకమల అడవిలో ఉండేది ఎలుగొడ్లు, చిరుతపులులు గదా" అన్నారు. ముని ఉపదేశం మొదలయ్యేసరికి సగం మంది చూపులు కిటికీ బయట ఉన్నాయి.

నాకు ఎక్కువ బాధ కలిగింది ఆ తర్వాత. పిల్లోడు తన కథ కింద తనే "పెద్దల మాట వినాలి" అని రాసుకొచ్చాడు. ఆ ఒక్క వాక్యంతో వాడి ధైర్యమంతా తప్పయిపోయింది.

నీతి వద్దని నేను అనడం లేదు. మేకపిల్ల కోసం ఆ వయసు పిల్లోడు చీకట్లోకి పోవడంలో ఉన్నది మరేమిటి? దాన్ని విడిగా చెప్పేస్తే పిల్లలు తమంతట తాము కనుక్కునే అవకాశం పోతుంది. చిక్కులో పడ్డ పిల్లే ఆ చిక్కు విప్పుకోవాలి. పెద్దవాళ్ళో దేవుడో వచ్చి తీర్చేస్తే, వినే పిల్లకు ఇక టెన్షన్ ఏముంటుంది? పిల్లలకు రాయడంలో కష్టమంతా ఇక్కడే. "పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు" అని ముగించడం సులువు. అలా మాట్లాడే పిల్లను నేనింతవరకూ చూడలేదు.

కథలకు మనకు కరువా? కలివికోడి ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్నాక, 1986లో మన కడప జిల్లాలోనే మళ్ళీ దొరికింది. పగలు ముళ్ళపొదల్లో దాగి రాత్రిళ్ళు తిరిగే పక్షి అది. శాస్త్రవేత్తలు వెతుకుతుంటే పట్టి చూపించింది ఇక్కడి వేటగాడే. తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం వైపు తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం నేల చూస్తూ తిరుగుతారు. వాళ్ళ వెంట పిల్లలూ ఉంటారు. ఆ పిల్లల కథ ఇంతవరకూ ఏ పోటీలోనూ నా కంటబడలేదు.

ఈసారి నిబంధనల్లో "నీతి తప్పనిసరి" అన్న మాట తీసేయండి. సంభాషణల్లో మా యాసను ఉండనివ్వండి. బహుమతులు ఖాయం చేసేముందు, వడపోతలో మిగిలిన కథలను ఏదైనా బడిలో పైకి చదివి వినిపించండి. మీ పేజీలో కథ కింద వేసే నీతి డబ్బాను కూడా ఒక్క నెల ఆపి చూడండి. ఆ పిల్లోడి కథ మొదట రాసిన కాగితం నా దగ్గరే ఉంది. అడిగితే పంపుతాను.

– ఒక ఉపాధ్యాయిని, బద్వేలు, కడప జిల్లా