విషయం: కొనేముందు గంటలకొద్దీ మాట్లాడారు, కొన్నాక పలికే దిక్కు లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (అలాంటివారు నిజంగా ఒకరుంటే),

అయ్యా,

మీ దగ్గర కొన్న గ్రాఫిక్స్ కార్డు పనిచేయడం లేదు. ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. ఈ ముక్క మీ వాళ్లందరికీ ఒప్పజెప్పీ ఒప్పజెప్పీ నాకు కంఠతా వచ్చేసింది కాబట్టి ఇంతకుమించి రాయను. వస్తువన్నాక పాడవుతుంది, అందుకేగా మూడేళ్ల వారంటీ అని రాసిస్తారు. నా కోపం కార్డు మీద కాదు.

కొనేముందు మీ సేల్స్ కుర్రాడు ఎంత ముద్దుగా మాట్లాడాడండీ! మావాడికి గేమింగ్ పిచ్చి, మా బడ్జెట్టేమో ఇరవై వేలు దాటదు. ఉన్న పాత ఆఫీసు మెషీన్‌కే కార్డు వేయిద్దామనుకున్నాం. ఆర్‌ఎక్స్ 6600 అనే కార్డు అడిగితే, "సార్, అది 132 వాట్లు తాగుతుంది, 8 పిన్ పవర్ కేబుల్ కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్‌కి, అంటే లోపల కరెంటిచ్చే డబ్బాకి, అది లేదు, మళ్లీ అదో ఖర్చు" అని ఆపాడు. ఆర్‌టీఎక్స్ 3050 అని పేరొక్కటే ఉన్నా 8 జీబీ మెమరీది వేరు, 6 జీబీది వేరనీ, రెండోది కాస్త నెమ్మదే అయినా 70 వాట్లతో, వేరే కేబుల్ లేకుండా, మదర్‌బోర్డులో దాన్ని గుచ్చే స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుందనీ విడమర్చి చెప్పాడు. రాత్రి పదింటికి మెసేజ్ పెట్టినా జవాబిచ్చేవాడు. వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టించి డబ్బు కట్టించేదాకా నా వెంటే ఉన్నాడు. ఇప్పుడదే నంబరుకు మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

సరే, మీ టోల్ ఫ్రీకి చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంది. నొక్కాను. హిందీలో ఒకావిడ వచ్చింది. నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పాక, ఒకసారి వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయమంది. గ్రాఫిక్స్ కార్డుకీ వైఫైకీ ఏం చుట్టరికమో ఆ తల్లికే తెలియాలి. సీనియర్‌కి కలుపుతానని పాట పెట్టింది. పాట బాగుంది, పూర్తిగా విన్నాను, చివర్లో లైను కట్టయింది. ఇంకోసారి ఇంకొకాయన "మేం అమ్మడం వరకే సార్, మీరు బ్రాండ్ వాళ్లనే అడగాలి" అన్నాడు. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాలేదేం?

బ్రాండ్ సర్వీస్ సెంటర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉందన్నారు. షాపు మూసుకుని, శాతవాహన రైల్లో నిలబడి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి కార్డు కవర్లోంచి తీసి తిరగేశాడు, ఫోన్ టార్చి వేసి కింద బంగారు రంగు పిన్నుల మీద సన్నటి గీత చూపించి "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు" అన్నాడు. అయ్యా, స్లాట్‌లో ఒక్కసారి పెట్టి తీసినా పడే గీత అది! అది పడకూడదంటే కార్డును దేవుడి గూట్లో పెట్టుకోవాలి. మెషీన్‌లో పెట్టైనా చూడు నాయనా అంటే ఇంజనీరు లంచ్‌లో ఉన్నాడన్నాడు. సాయంత్రం దాకా ఆ లంచ్ అవలేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ముక్కూమొహం తెలియని రిపేరు కుర్రాడు మాత్రం రూపాయి తీసుకోకుండా వేరే మెషీన్‌లో వేసి చూసి, కార్డే పోయిందని తేల్చాడు. ఇంటికి చేరేసరికి మీ నుంచి మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

2009లో ఖమ్మంలో డీటీపీ సెంటర్ పెట్టినప్పటి నుంచి ర్యామ్ అయినా, మానిటర్ అయినా, ప్రింటర్ అయినా మీ దగ్గరే కొన్నాను. పక్క షాపులో ఐదొందలు తక్కువకిస్తామన్నా వెళ్లలేదు. ఆ బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. మీ కంప్యూటర్లో మాత్రం నేను మూసేసిన టికెట్టుని.

కార్డు మారుస్తారో, 18 శాతం జీఎస్టీతో సహా డబ్బు వెనక్కిస్తారో తర్వాతి మాట. ముందు తెలుగు తెలిసిన మనిషి చేత, మనిషి చేతనే, నాకు ఫోన్ చేయించండి. ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలనీ, నెలలోగా తేల్చాలనీ 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మీ ఆటో రిప్లైని నేను జవాబుగా లెక్కేయను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. ఖమ్మం వాయిదాలకు ఈసారి మీరే శాతవాహన ఎక్కండి.

ఇంకో మాట. మా బజార్లో కంప్యూటర్ కొనాలనుకున్న పిల్లలు ముందు నా షాపుకే వచ్చి ఏ కార్డు కొనాలని అడుగుతారు. మీ కుర్రాడి పుణ్యమా అని అది ఇప్పుడు బాగానే చెప్పగలను. ఎక్కడ కొనకూడదో కూడా చెప్పడం మొదలుపెట్టాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
ఖమ్మం

జత: ఇన్‌వాయిస్, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, మీరు స్టార్లు అడిగిన మెసేజ్.