పాట కాదు, పలుకు: ఈ ఏటి కార్యక్రమాలపై సభ్యులకు వార్షిక నివేదిక

సంగీతం వినడానికి కూడే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒకరు అడిగిన మాట ఈ ఏడంతా మమ్మల్ని నడిపించింది: “పాటలు బానే వింటున్నాం, వాయిద్యాన్ని ఎప్పుడు విన్నాం?” అందుకే నెలనెలా జరిగిన కూడికల్లో రాగం పేరు, పాడినవారి పేరు ముందుగా చెప్పడం మానేశాం. ఒక్క దెబ్బ, ఒక్క మీటు, ఒక్క ఊపిరి తీసుకున్నాం. అది ఎట్లా మొదలైంది, ఎంతసేపు నిలిచింది, ఎట్లా ఆరింది? ఈ మూడు ప్రశ్నలే అడిగాం. విసుగొచ్చి సినిమా పాటలు పెట్టమని కాగితం రాసిచ్చినవాళ్లూ ఉన్నారు. కమిటీ ఒప్పుకోలేదు.

మొదటి కూడికలో చిన్న పరీక్ష పెట్టాం. సన్నాయి, హార్మోనియం, ఫిడేలు ఒకే షడ్జం పలికిన రికార్డులు తీసుకుని, ఒక్కోదానికి మొదటి అర సెకను, చివరి అర సెకను కోసేశాం. మిగిలిన నడిమి ముక్క వినిపిస్తే, ఏళ్లుగా భజనల్లో కూర్చున్న చెవులు కూడా తడుముకున్నాయి. కోసిన మొదలు మళ్లీ అతికించగానే అనుమానం తీరింది. సన్నాయి పీక పెదాల నడుమ పట్టు దొరికించుకునేలోపు వచ్చే గాలి చీరుడు, కమాను తీగను పట్టుకునేటప్పటి గరగర, హార్మోనియం మెట్టు నొక్కగానే రీడు (గాలికి ఊగే ఇత్తడి నాలుక) కదలడానికి తీసుకునే ఆ రవ్వంత జాగు: పోలిక పట్టించేవి ఇవే.

డప్పు, మృదంగం

ఈ ఏడు ఎక్కువ పొద్దు డప్పుకే పోయింది. డప్పు కాచడం మనవైపు చూడనివాళ్లుండరు. ఎందుకు కాస్తారో చెవితో తేల్చుకోవడం వేరు. తోలు చెమ్మ పీలిస్తే సాగుతుంది, బిగువు తప్పి “దబ్బు”మని చచ్చుగా పలుకుతుంది. వేడి తగిలితే చెమ్మ పోయి, తోలు ముడుచుకుని “టంగు”మంటుంది. ఒకే డప్పును కాచకముందు, కొంచెం కాచాక, బాగా కాచాక వాయించి వరుసగా విన్నాం. కాపు పెరిగేకొద్దీ స్థాయి పైకి పోవడమే కాదు, మోత నిలిచే తీరూ మారిపోయింది.

ఎండు జొన్న చొప్ప మంట మంచిది: తొందరగా లేస్తుంది, తొందరగా ఆరుతుంది. డప్పును మంటకు మూరెడు ఎడంగా పట్టుకుని చక్రంలా తిప్పుతూ ఉండాలి. ఒకచోట ఆపితే ఆ పక్కే బిగుస్తుంది. అంచు వెంబడి నాలుగుచోట్ల వేలితో మీటి చూస్తే నాలుగు రకాలుగా పలుకుతుంది. అట్లా పలికితే కాపు సరిగా పడలేదన్నట్టే. నిప్పుల మీదికి వంచడం మాత్రం వద్దు. చింతగింజల లైతో (జిగురుతో) అతికిన అంచు దగ్గర తోలు మాడి పెళుసై, సిర్ర (డప్పు కొట్టే పొట్టి కర్ర) గట్టిగా పడిన రోజు అక్కడే చీలుతుంది. ముసురు రోజుల్లో కాచిన బిగువు నాలుగు వరుసలు వాయించేసరికే దిగిపోతుంది. వాయించేవారి తప్పు అనుకోవద్దు.

ఇక దెబ్బ ఎక్కడ పడిందో వినడం. సిర్ర నట్టనడుమ పడితే బరువైన, పొట్టి చప్పుడు, వెంటనే ఆరిపోతుంది. నడుమకూ అంచుకూ మధ్య పడితే మోత నిలుస్తుంది. రెండో చేతిలోని సన్నటి సిటికెన పుల్ల అంచు దగ్గర సన్నగా, పదునుగా తగులుతుంది. కళ్లు మూసుకుని ఈ మూడింటినీ వేరుచేయడం రెండు కూడికల్లో చాలామందికి పట్టుబడింది.

డప్పును ఏ శ్రుతికి కలపాలని అడిగారు. కలపలేం. ఒట్టి తోలు చక్రం పుట్టించే కంపాలు 1, 1.59, 2.14, 2.30 ఇట్లాంటి నిష్పత్తుల్లో ఉంటాయి. పూర్ణసంఖ్యలు కావు గనుక చెవి వాటిని ఒక్క స్వరంగా ముడివేసుకోదు. మృదంగం కుడి మూతి సంగతి వేరు. రాతి పొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దిన నల్ల మచ్చ నడుమ బరువు పెంచి ఆ నిష్పత్తులను 1, 2, 3, 4, 5 దగ్గరికి తెస్తుంది. అందుకే అది షడ్జం పలుకుతుంది. ఈ సంగతిని 1920లో సి.వి. రామన్ ప్రచురించారు. ఎడమ మూతికి రవ్వ ముద్ద అద్దేటప్పుడు నీళ్లు తక్కువైతే కచేరీ నడుమ ఎండి రాలుతుంది, ఎక్కువైతే జారుతుంది. రెండూ మన కూడికలోనే జరిగాయి.

హాలులో డప్పు వాయించినప్పుడు చెవులు గింగురుమన్నాయని ఫిర్యాదు వచ్చింది. న్యాయమైనదే. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు తట్టుకునే చెవికి, మోత పెరిగిన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. డప్పు కూడికలన్నీ ఇకమీదట ఆరుబయటే.

కిన్నెర

పాలమూరువాళ్లం సొరబుర్రల మీద తీగలు బిగించిన కిన్నెర వినకుండా ఏడాది గడుపుతామా! నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. పేరు తెలిసినంతగా నాదం తెలియలేదన్నది మా అభిప్రాయం. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథలో మనసంతా కథ మీదే ఉంటుంది, తీగ వెనకబడుతుంది. అందుకని కథ ఆపించి, ఒట్టి తీగనే మీటించుకున్నాం. మీటిన క్షణంలో లోహం ఝుమ్మంటుంది, ఆ వెంటనే సొరబుర్ర దాన్ని మెత్తబరిచి కింది స్థాయిని పైకి తెస్తుంది. బుర్రను అరచేత్తో మూసి మళ్లీ మీటిస్తే లోహం మిగిలింది, కడుపు పోయింది. బుర్ర చేసే పని ఏమిటో చెప్పడానికి ఇంతకంటే ఉపన్యాసం అక్కర్లేదు.

మెట్లను మైనంతో నిలబెడతారు, వీణకూ అంతే. తేనె మైనం కరగడానికి 60 డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడడానికి మన ఎండాకాలం చాలు. ఎండలో నిలిపిన కారులో ఉంచిన కిన్నెర మెట్లు జరిగిపోయి, ఆ రోజు కూడిక సగంలో ఆగింది. ఎండాకాలంలో వాయిద్యాన్ని తడిగుడ్డ దగ్గర కాదు, నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. తడికి బుర్ర బూజు పడుతుంది.

హార్మోనియం

భజన మండళ్ల నుంచి వచ్చిన సభ్యులకు ఈ భాగం కొంచెం నొప్పి కలిగించింది. తంబుర పక్కన హార్మోనియం అంతర గాంధారం నొక్కి పట్టి వినమన్నాం. షడ్జం 120 హెర్ట్జ్ (సెకనుకు 120 కంపాలు) అయితే, తంబుర తీగలో తనంతట తాను పుట్టే గాంధారం 600 దగ్గర ఉంటుంది. హార్మోనియం గాంధారం అదే ఎత్తులో సుమారు 604.8. రెండూ కలిస్తే సెకనుకు ఐదు అలలు లేస్తాయి. ఆ వణుకు ఒకసారి విన్న చెవి మళ్లీ మరచిపోదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని పక్కన పెట్టడం వెనక ఉన్న వాదాల్లో ఈ స్వరాల సంగతి ఒకటి. భజన మండళ్ల హార్మోనియం పెట్టెలు పక్కన పెట్టమని మేము అనడం లేదు.

సరిచేసుకోదలచినవారికి: రీడు కొన దగ్గర గీకితే స్థాయి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గాంధారం తగ్గించాలంటే మొదట్లో వెంట్రుకవాసి గీకి, ఇత్తడి చల్లారాకే మళ్లీ వినాలి. ఇట్లా దిద్దిన పెట్టె ఆ ఒక్క శ్రుతికే సరిపోతుంది, శ్రుతి మార్చి పాడితే ఇంకోచోట బెడుస్తుంది. బరబరమంటే మాత్రం గీకొద్దు. ముందు పలచటి కాగితం దూర్చి దుమ్ము తీయండి, చాలాసార్లు జబ్బు అదే.

దురాజ్‌పల్లి

సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతరకు వెళ్లినప్పుడు దూరాన్ని వినడం సాధన చేశాం. గుట్ట నుంచి బాగా ఎడంగా భేరీల అడుగు మోత ఒక్కటే అందింది. దగ్గరికి నడుస్తుంటే తాళాలు, ఆ తర్వాత గజ్జెలు, చివరికి “ఓ లింగా” అనే గొంతుల్లోని బొంగురు విడివిడిగా తేలాయి. సన్న చప్పుళ్లను గాలీ జనమూ ముందే మింగేస్తాయి.

రికార్డింగులో దెబ్బతిన్నది

ఒక పూట తంబుర రికార్డు మొత్తం పోయింది. ఫోన్‌లో మాటల కోసం పెట్టిన రొద తగ్గించే సదుపాయం, ఎడతెగని తంబుర మోతను ఫ్యాను చప్పుడనుకుని నొక్కేసింది. డప్పు విషయంలో ఇంకో తంటా. మొదటి దెబ్బకు ఫోన్ తనంతట తానే శబ్దం తగ్గించుకుని, తర్వాతి దెబ్బలను నలిపేసింది. అందువల్ల ఇకపై నియమం ఇది: రొద తగ్గింపు, తనంతట తాను సర్దుకునే శబ్దం రెండూ ఆపాలి, ఫోన్‌ను డప్పుకు ఎదురుగా కాక పక్కన, ఆరేడు అడుగుల ఎడంలో పెట్టాలి, వేవ్ ఫైలుగానే దాచాలి. నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది, ఫోన్ నిండిందని గొణుక్కోకండి. విన్నదాన్ని ఫోన్ స్పీకర్ మీద తీర్పు చెప్పడం కూడా మానాలి. ఒగ్గు డోలు అడుగు స్థాయి దానిలో అసలు పలకదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడు జమిడికతో మొదలుపెడతాం. తీగ బిగువును చేత్తోనే మార్చుతూ స్థాయిని జార్చే వాయిద్యం గనుక చెవికి కొత్త పని. దాంతోపాటు సొరబుర్ర పరిమాణం మారితే నాదం ఎట్లా మారుతుందో చూడాలని ఉంది. చెట్టు మీదే ముదిరి ఎండిన, చిల్లు పడని బుర్రలు మీ చేన్లలో ఉంటే, కోయకుండా, గింజలు తీయకుండా అట్లాగే తెచ్చివ్వండి.

— కార్యవర్గం