రాత్రి రైలులో బెర్తులు తీసేస్తే ఎలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల మధ్య తిరిగే రాత్రి రైలుకు త్వరలో బెర్తులు ఉండవన్న సంగతి మన పత్రికల్లో పెద్దగా చర్చకు రాలేదు. కొడుకు ఒక ఊళ్ళో, కూతురు మరో ఊళ్ళో స్థిరపడగా ఆ రెండిళ్ళకూ తిరిగే తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైనవాడిగా, ఆ తల్లిదండ్రుల్లో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను.

దాదాపు 960 కిలోమీటర్ల ఈ మార్గంలో ఎక్స్‌పీటీ (ఎక్స్‌ప్రెస్ పాసింజర్ ట్రైన్) రైళ్ళు పగలొకటి, రాత్రొకటి చొప్పున రెండు వైపులా నడుస్తాయి. ప్రయాణం సుమారు 11 గంటలు. 1982లో ప్రవేశపెట్టిన ఈ రైలు గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోగలదు గానీ, ఆవిరి ఇంజన్ల కాలంలో కొండవాలును బట్టి మెలికలు తిప్పి వేసిన లైను మీద ఆ వేగం చాలాచోట్ల కుదరదు. దారిలో బెతుంగ్రా అనే ఊరి దగ్గర సిడ్నీ వైపు వెళ్ళే లైనైతే, ఎత్తు ఎక్కడానికి తన మీదుగా తానే చుట్టు తిరిగి వస్తుంది. రైల్వేవాడికి అది చూడముచ్చటే. ప్రయాణ సమయం మాత్రం దానివల్ల తగ్గదు.

ఈ పాత రైళ్ళ స్థానంలో 29 కొత్త రైళ్ళ కోసం సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం 2019లో ఒప్పందం చేసుకుంది. స్పెయిన్‌కు చెందిన సీఏఎఫ్ అనే సంస్థ తయారుచేస్తున్న ఆ రైళ్ళు 2023 నుంచే పట్టాలెక్కవలసి ఉండగా ఆలస్యమయ్యాయి. ఆలస్యం ఎక్కడైనా ఉండేదే. నా అభ్యంతరం వాటిలో పడక బోగీ అసలే లేకపోవడం మీద. ఇప్పుడున్నది రైలుకు ఒక్క బోగీయే అయినా, గదికి పైనొకటి కిందొకటి చొప్పున బెర్తులున్నాయి, నడుం వాల్చే వీలుంది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1600 మిల్లీమీటర్లు, న్యూ సౌత్ వేల్స్‌లో 1435 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఉండడం వల్ల 1962 దాకా ప్రయాణికులు సరిహద్దులోని ఆల్బరీలో సామానుతో సహా దిగి రైలు మారేవారు. ఆ ఏడాది ఒకే గేజి మెల్‌బోర్న్ చేరగానే, ప్రయాణికులందరికీ పడకలే ఉన్న సదరన్ అరోరా అనే రైలు పట్టాలెక్కి 1986 దాకా నడిచింది. అరవై ఏళ్ళ క్రితం రైలు నిండా ఇచ్చిన సౌకర్యాన్ని ఇప్పుడు ఒక్క బోగీకి కూడా లేకుండా చేయడాన్ని ఏ లెక్కతో సమర్థిస్తారు?

విమానంలో గంటన్నరలో చేరవచ్చు కదా అంటారు. తొందర ఉన్నవారు ఎటూ విమానమే ఎక్కుతారు. రైలు నమ్ముకున్నవారిలో వృద్ధులు, పెద్దాసుపత్రికి నగరానికి వెళ్ళే గౌల్‌బర్న్, వాగా వాగా, ఆల్బరీ ప్రాంతాలవారు ఉంటారు. సీటు వెనక్కి వాలినా కాళ్ళు కిందికి వేలాడుతూనే ఉంటాయి. మలుపు వచ్చినప్పుడల్లా తల పక్కకు ఒరిగి మెలకువ వస్తుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి తెల్లవారేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. ఇక్కడ మన రైల్వే అరవై దాటినవారికి కింది బెర్తు ఇవ్వడానికి ప్రత్యేక కోటా పెట్టింది అందుకే.

ఒక్క బోగీలో పట్టేది కొద్దిమందే కాబట్టి గిట్టుబాటు కాదనే వాదన ఉండవచ్చు. అలాగైతే రాత్రి నడిపే రైళ్ళకు మాత్రమే పడక బోగీ జోడించినా చాలు, 29 రైళ్ళకూ అక్కరలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఓటున్న తెలుగువారు తమ నియోజకవర్గ శాసనసభ్యులకు ఈ కోరికను రాతపూర్వకంగా పంపాలని, పాత రైళ్ళు పక్కన పెట్టేలోగానే ఆ పని చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
విజయవాడ