చుక్క కదిలిందా, లెక్క తప్పిందా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో వాస్తవం గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మనిషి ప్రమేయం లేని వాస్తవమంటూ ఏదీ ఉండదనీ, మనం పెట్టుకున్న పేర్లూ కొలతలూ, వాటి వెనకున్న ప్రయోజనాలూ కలిసి తయారుచేసినదాన్నే వాస్తవమని పిలుచుకుంటున్నామనీ వ్యాసకర్త వాదన. నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. చాలా ఏళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ వాదనలో సగానికి నాకు అభ్యంతరం లేదు. మిగతా సగం మాత్రం మింగుడుపడటం లేదు.

1930లో కనుగొన్న ప్లూటోను 76 ఏళ్లపాటు గ్రహమన్నాం. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు చేతులెత్తి ఓటు వేసి దాన్ని మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చారు. ఓటుతో మారింది గనుక అది మనుషుల నిర్ణయమే, సందేహం లేదు. సముద్రతీరం పొడవు సంగతి ఇంకా చిత్రమైనది. పొడవాటి కొలబద్దతో కొలిస్తే ఒక సంఖ్య వస్తుంది. చిన్న కొలబద్ద పట్టుకుని ప్రతి వంపులోకీ దిగి కొలిస్తే అంతకంటే పెద్ద సంఖ్య వస్తుంది. మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త 1967లో ఈ చిక్కును అందరి దృష్టికీ తెచ్చాడు. కొలబద్ద ఎంతదో చెప్పకుండా తీరం పొడవు ఎంతని అడగడంలోనే అర్థం లేదు. ఇంతవరకూ వ్యాసకర్త మాట నిజం. కానీ కొలబద్దను ఎంచుకున్న తరవాత ఎంత వస్తుందన్నది మన చేతిలో ఉండదు. ఓటింగుకు ముందూ తరవాతా కూడా సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి ప్లూటోకు సుమారు 248 ఏళ్లే పడుతుంది. ప్రశ్న మనదైనంత మాత్రాన జవాబు కూడా మనదే అవుతుందనుకోవడం దగ్గరే వ్యాసం దారి తప్పిందని నా అభిప్రాయం.

నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన ఒక ఉదంతం చెబుతాను. 1612 డిసెంబరులోనూ, 1613 జనవరిలోనూ గెలీలియో గురుగ్రహపు ఉపగ్రహాలను గమనిస్తూ, అదే దృశ్యంలో పక్కన కనబడిన ఒక చుక్కను కూడా కాగితం మీద గుర్తించుకున్నాడు. అది నక్షత్రమనుకున్నాడు. జనవరి 28 రాత్రి మాత్రం, ఆ చుక్కకూ దాని పక్కనున్న మరో నక్షత్రానికీ మధ్య దూరం ముందటి రాత్రికంటే మారినట్టుందని రాసుకుని, అక్కడితో వదిలేశాడు. ఆ చుక్క నెప్ట్యూన్. తరవాత 1795 మే నెలలో పారిస్‌లో లాలాండ్ అనే ఖగోళశాస్త్రవేత్త పర్యవేక్షణలో నక్షత్రాల పట్టిక తయారవుతున్నప్పుడు, 8వ తేదీన ఒక నక్షత్రం స్థానాన్ని నమోదు చేసి, 10వ తేదీన మళ్లీ చూస్తే రెండు లెక్కలూ కలవలేదు. నక్షత్రాలు రెండు రోజుల్లో అలా జరగవు కనుక పొరపాటు తమదేననుకుని 8నాటి లెక్కను పక్కన పెట్టేశారు. 10నాటిదాన్ని సందేహచిహ్నంతో అచ్చువేశారు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె అనే ఖగోళశాస్త్రవేత్త నెప్ట్యూన్‌ను గ్రహంగా గుర్తించాక, మరుసటి సంవత్సరం పాత రాతప్రతులు తిరగేస్తే ఆ వదిలేసిన లెక్క దొరికింది. కొత్త గ్రహం ఆ రెండు రాత్రుల్లో ఎంత జరిగి ఉండాలో, రెండు లెక్కల మధ్య అంతే తేడా ఉంది.

ఇక్కడ ఎవరి ప్రయోజనం ఏమిటో చూడండి. పట్టిక తయారుచేసేవారికి కావలసినది కదలని నక్షత్రం. వారి వర్ణనలో ఆ చుక్క నక్షత్రమే, వారి దృష్టిలో తేడా అంతా తమ లెక్కలోని తప్పే. పేరూ, ప్రయోజనమూ, నమ్మకమూ మూడూ ఒకవైపు నిలిచినా చుక్క కదిలింది. వర్ణనే వాస్తవాన్ని తయారుచేసేదైతే ఆ రెండు అంకెలు కలిసి ఉండవలసింది.

‘గ్రహం, కదలిక, స్థానం అన్నవి కూడా మన మాటలే కదా, ఆ మాటలు లేకుండా ఆ వాస్తవాన్ని చెప్పి చూపించండి’ అని వ్యాసకర్త అడగవచ్చు. చెప్పడానికి మాటలు కావాలి, నిజమే. ఉండటానికి కూడా మాటలు కావాలని దానినుంచి ఎలా తేలుతుందో నాకు అర్థం కాదు. ఈ తేడా మనకు కొత్తది కూడా కాదు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే చేయదగిన పనికీ, తెలుసుకోదగిన వస్తువుకూ మధ్య గీత గీశారు. పనిని చేయవచ్చు, మానవచ్చు, మరోలా చేయవచ్చు. వస్తువు మాత్రం ఇలా ఉంది, అలా ఉంది అన్న వికల్పాలకు లొంగదు. ఎదుట ఉన్నది మోడో మనిషో అన్న ఊగిసలాట చూసేవాడి బుద్ధిలోనిది. అది మోడేనన్న జ్ఞానం వస్తుతంత్రం, పురుషతంత్రం కాదు; అంటే అది వస్తువు మీద ఆధారపడినదే గాని, చూసే మనిషి ఇష్టం మీద కాదు. ఆయన దీన్ని వాడుకున్న సిద్ధాంతంతో ఏకీభవించనివారు కూడా ఈ విభజనను వాడుకోవచ్చు.

మనుషుల ఒప్పందం మీదే నిలిచే వాస్తవాలు లేకపోలేదు. నోటు విలువా, దేశాల సరిహద్దులూ అలాంటివే. అంపైరు వేలెత్తితే బ్యాటర్ అవుట్. బంతి బ్యాటును తాకిందా లేదా అన్నది మాత్రం ఆ వేలు తేల్చేది కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వ్యాసం అంత నున్నగా సాగిందని నా అనుమానం.

ప్రయోజనాల మాటకొస్తే, 1950లో వచ్చిన పరిశోధనలు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాక, 1954 జనవరిలో అమెరికా సిగరెట్ కంపెనీలు వందలాది పత్రికల్లో ప్రకటన ఇచ్చి ఆ సంగతి రుజువు కాలేదన్నాయి. ఏది పరిశోధించాలి, ఏది అచ్చువేయాలి, దేనిమీద అనుమానం రేపాలి అన్నవి ప్రయోజనాలు నిర్ణయించగలిగాయి. ఊపిరితిత్తుల్లో జరిగేదాన్ని నిర్ణయించలేకపోయాయి. ఆ కంపెనీలది ప్రత్యామ్నాయ వర్ణన మాత్రమే అనాలంటే వ్యాసకర్తకు కూడా మనసు రాదనుకుంటాను. కానీ తన వాదన ప్రకారం ఇంకేమనగలరో నాకు తోచలేదు.

ఆయనను ఒక్క ప్రశ్న అడగదలచాను. 1795 మే 8 రాత్రికీ 10 రాత్రికీ మధ్య ఆ చుక్క కదిలిందా అన్నదానికి అప్పటికి జవాబే లేదంటారా, లేక జవాబు ఉన్నా ఎవరికీ తెలియలేదంటారా? మొదటిదే అయితే, 1847లో పాత కాగితాల్లోని అంకెలు గ్రహం నడకతో ఎలా సరిపోయాయో కూడా మీ పత్రికలోనే వివరిస్తే చదవాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు