కాలేయ జబ్బులో స్త్రీల మెదడును విడిగా పరిశీలించాలి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కాలేయానికి కొవ్వు పట్టే జబ్బును 2021లో అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చినందుకు మీ శాఖకు కృతజ్ఞతలు. ఆ జబ్బు ముదిరి, కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్‌గా మారినప్పుడు మెదడుకు జరిగే హాని స్త్రీపురుషుల్లో ఒకే తీరుగా ఉంటుందా అన్న విషయంపై మీరు దృష్టి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పేగుల నుంచి వచ్చే అమ్మోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మారుస్తుంది. కాలేయం దెబ్బతిన్నాక ఆ భారం కొంత కండరాల మీద, కొంత మెదడులోని ఆస్ట్రోసైట్ కణాల మీద పడుతుంది. ఇవి అమ్మోనియాను గ్లూటమేట్‌తో కలిపి గ్లూటమిన్‌గా మారుస్తాయి. ఆస్ట్రోసైట్లలో గ్లూటమిన్ పేరుకున్నకొద్దీ వాటిలోకి నీరు చేరుతుంది. ఉబ్బకుండా నిలదొక్కుకోవడానికి అవి తమలోని నీటి సమతూకాన్ని కాపాడే మయో-ఇనోసిటాల్‌ను వదులుకుంటాయి. మెదడులోని రసాయనాలను కొలిచే ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీలో ఈ రెండు మార్పులూ కనిపిస్తాయి. రోగికి పగలు మగత, రాత్రి నిద్రలేమి, మతిమరుపు, చేతుల వణుకు మొదలవుతాయి.

సగటున స్త్రీలకు కండర పరిమాణం తక్కువ కాబట్టి, అమ్మోనియాను తొలగించడంలో కండరాల నుంచి అందే సాయమూ వారికి తక్కువే కావచ్చు. మెదడు జీవక్రియపై హార్మోన్ల ప్రభావం దీనికి తోడు. అయినా ఈ రంగంలో ప్రయోగాలు చాలాకాలంగా ఎక్కువగా మగ ఎలుకల మీదే జరిగాయి. ఆ ఫలితాలను స్త్రీలకు యథాతథంగా వర్తింపజేయడం న్యాయం కాదు.

ఇలాంటి పొరపాటును సరిదిద్దిన ఉదాహరణ ఉంది. కాలేయ మార్పిడిలో ఎవరికి ముందు అవకాశమివ్వాలో నిర్ణయించే మెల్డ్ స్కోరు, కండరాల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థమైన క్రియాటినిన్‌ను లెక్కలోకి తీసుకుంటుంది. కండరం తక్కువైన స్త్రీలలో అది తక్కువగా నమోదై, జబ్బు తీవ్రత బయటపడదు. అందుకే 2023లో అమెరికా స్త్రీలకు అదనపు పాయింట్లు కలిపే మెల్డ్ 3.0ను అమల్లోకి తెచ్చింది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలైతే 2016 నుంచే పరిశోధనల్లో లింగభేదాన్ని పరిగణించాలని కోరుతున్నాయి.

మన దగ్గర భారత వైద్య పరిశోధనా మండలి నిధులిచ్చే కాలేయ-మెదడు పరిశోధనలన్నిటిలో ఆడ, మగ జంతువులు రెండింటినీ వాడాలని, రోగుల ఫలితాలను స్త్రీపురుషులకు విడివిడిగా ప్రకటించాలని నిబంధన పెట్టవలసిందిగా కోరుతున్నాను. మరొకటి, నా దృష్టిలో ఇంకా అత్యవసరమైనది: సిర్రోసిస్ ఉన్న స్త్రీ మతిమరుపు గురించి చెబితే దాన్ని ఇంటిపని అలసటకో, ముట్లుడిగే వయసుకో ముడిపెట్టి పంపించకుండా, జిల్లా ఆసుపత్రిలోనే ఏకాగ్రత పరీక్ష చేసి, అవసరమైతే పేగుల్లోని అమ్మోనియాను తగ్గించే లాక్టులోజ్ మందు మొదలుపెట్టేలా కార్యక్రమ మార్గదర్శకాల్లో స్పష్టమైన ఆదేశం చేర్చండి.

భవదీయురాలు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు